విశ్వాన్ని మనం చూసే తీరును మార్చిన భౌతికశాస్త్ర విప్లవాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో చదువుకుంటున్న తెలుగు విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రులు భౌతికశాస్త్రం ప్రస్తావన వచ్చినప్పుడల్లా అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చి, వాటికి సమాధానాలు రాశాను. పాఠ్యపుస్తకాల్లో సూత్రాలు ఉంటాయి. ఆ సూత్రాలు ఎందుకు మారాల్సి వచ్చిందో మాత్రం తక్కువగా ఉంటుంది. అందుకే ఈ సమాధానాల్లో ఎక్కువ భాగం ఆ కారణాలకే కేటాయించాను.

భౌతికశాస్త్రంలో విప్లవం అంటే పాత సిద్ధాంతం తప్పని తేలడమేనా?

చాలా సందర్భాల్లో కాదు. పాత సిద్ధాంతం ఎంతవరకు చెల్లుతుందో, ఎక్కడి నుంచి చెల్లదో స్పష్టంగా తెలియడమే విప్లవంలో అసలు సంగతి. ఆ హద్దు చాలాసార్లు పెద్ద పెద్ద వైఫల్యాల రూపంలో బయటపడదు. లెక్కకూ కొలతకూ మధ్య మిగిలిపోయిన చిన్న తేడా రూపంలో బయటపడుతుంది. ఖగోళశాస్త్రవేత్త టైకో బ్రాహీ ఏళ్ల తరబడి నమోదు చేసిన కుజుడి స్థానాలను కెప్లర్ వృత్తాకార కక్ష్యలతో లెక్కగట్టినప్పుడు, ఫలితం దాదాపు అంతటా సరిపోయి, కొన్నిచోట్ల మాత్రం నిండు చంద్రుడి వెడల్పులో నాలుగో వంతు తేడా వచ్చింది. ఆనాటి ఏ జ్యోతిష్కుడైనా దాన్ని పట్టించుకోకుండా వదిలేసేవాడు. టైకో కొలతల్లో అంత పొరపాటు ఉండదని కెప్లర్ నమ్మాడు కాబట్టి, రెండు వేల ఏళ్లుగా అందరూ ఒప్పుకున్న వృత్తాన్నే వదులుకుని, 1609లో గ్రహాల కక్ష్యలు దీర్ఘవృత్తాలని ప్రకటించాడు. ఆ తర్వాత వచ్చిన మార్పుల్లో కూడా ఇలాంటి తేడాలే కీలకమయ్యాయి.

భూమి తిరుగుతుందని ఆర్యభటుడు ముందే చెప్పాడు కదా, పేరు కోపర్నికస్‌కు ఎందుకు వచ్చింది?

ఆర్యభటుడు చెప్పినదీ, కోపర్నికస్ చెప్పినదీ ఒకటి కావు. పడవలో ముందుకు వెళ్తున్న మనిషికి ఒడ్డున కదలకుండా ఉన్న వస్తువులు వెనక్కి పోతున్నట్టు ఎలా కనిపిస్తాయో, నిశ్చలంగా ఉన్న నక్షత్రాలు పడమటికి పోతున్నట్టు మనకు అలాగే కనిపిస్తాయని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి గ్రంథంలో స్పష్టంగా రాశాడు. ఇది భూమి తన చుట్టూ తాను తిరగడం గురించిన మాట. దీన్ని తర్వాతి వ్యాఖ్యాతల్లో కొందరు ఒప్పుకోలేకపోయారు. కోపర్నికస్ 1543లో ప్రతిపాదించినది, భూమి మిగతా గ్రహాలతో పాటు సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్న విషయం. 1501 ప్రాంతంలో కేరళకు చెందిన నీలకంఠ సోమయాజి బుధ, శుక్ర గ్రహాల లెక్కను గణనీయంగా సవరించాడు. ఆ పని గురించి మన పాఠశాలల్లో ఇంకా ఎక్కువగా చెప్పాలి. ఎవరు ఏది చెప్పారో దాన్ని అంతే చెప్పడమే వాళ్లకు మనమిచ్చే అసలైన గౌరవం. ఆర్యభటుడు చెప్పని మాటను ఆయన పేరున చెలామణీ చేస్తే, ఆయన నిజంగా సాధించినది ఆ సందడిలో మరుగున పడిపోతుంది.

న్యూటన్ సిద్ధాంతాన్ని ఐన్‌స్టైన్ కొట్టిపారేస్తే, శ్రీహరికోట నుంచి రాకెట్లను ఇంకా న్యూటన్ సూత్రాలతోనే ఎలా పంపుతున్నారు?

ఎందుకంటే ఆ వేగాల్లో, ఆ గురుత్వాకర్షణ బలంలో రెండు సిద్ధాంతాల లెక్కలూ దాదాపు ఒకే సమాధానం ఇస్తాయి. తేడా ఎక్కడ కనిపిస్తుందో చెప్పడానికి బుధగ్రహం కథ కన్నా మంచి ఉదాహరణ లేదు.

యురేనస్ గ్రహం న్యూటన్ లెక్క ప్రకారం నడవడం లేదని పందొమ్మిదో శతాబ్దంలో గమనించారు. కనిపించని మరో గ్రహం దాన్ని లాగుతుండాలని ఫ్రాన్స్‌కు చెందిన లెవెరియే లెక్కగట్టి, ఆ గ్రహం ఉండాల్సిన చోటు చెప్పగా, 1846లో బెర్లిన్ వేధశాలవారు ఆ చోటికి అతి దగ్గరలోనే నెప్ట్యూన్‌ను కనుగొన్నారు. న్యూటన్ సిద్ధాంతానికి ఇంతకన్నా గొప్ప విజయం ఉండదు. అదే లెవెరియే 1859లో బుధగ్రహంలో కూడా అలాంటి తేడానే గుర్తించాడు. బుధుడి కక్ష్యలో సూర్యుడికి అతి దగ్గరగా ఉండే బిందువు నెమ్మదిగా జరుగుతూ ఉంటుంది. ఇతర గ్రహాల ఆకర్షణనంతా లెక్కలోకి తీసుకున్నా, శతాబ్దానికి సుమారు 43 ఆర్క్ సెకన్ల జరుగుబాటుకు కారణం దొరకలేదు. ఒక ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు. ఈసారి కూడా కనిపించని గ్రహమే కారణమని లెవెరియే భావించాడు, దానికి వల్కన్ అని పేరు కూడా పెట్టారు, ఏళ్ల తరబడి వెతికారు. అలాంటి గ్రహం లేదు. 1915 నవంబరులో ఐన్‌స్టైన్ తన కొత్త గురుత్వాకర్షణ సిద్ధాంతంతో లెక్క వేస్తే, ఎక్కడా ఏ సంఖ్యనూ సర్దుబాటు చేయకుండానే, ఆ 43 సరిగ్గా వచ్చింది.

ఒకే రకమైన తేడాకు ఒకసారి కొత్త గ్రహం సమాధానమైంది, మరోసారి కొత్త సిద్ధాంతం సమాధానమైంది. ఏది ఎప్పుడు అవసరమవుతుందో ముందుగా చెప్పగలిగే సూత్రమేదీ లేదు.

అంత దూరంలో ఉన్న నక్షత్రాలు దేనితో తయారయ్యాయో ఎవరూ వెళ్లి చూడకుండా ఎలా తెలిసింది?

ఈ ప్రశ్నకు కాస్త వివరంగా సమాధానం చెప్పాలి, ఎందుకంటే ఈ కథలో మన ఊళ్లు ఉన్నాయి.

నక్షత్రాల రసాయన కూర్పు మనిషికి ఎప్పటికీ తెలియదని ఫ్రెంచి తత్వవేత్త ఆగస్ట్ కోంట్ 1835లో రాశాడు. పాతికేళ్లు తిరక్కుండానే కిర్కాఫ్, బున్సెన్ అనే ఇద్దరు జర్మన్ శాస్త్రవేత్తలు, ప్రతి మూలకమూ వేడెక్కినప్పుడు తనకే ప్రత్యేకమైన రంగు గీతలను వెలువరిస్తుందనీ, ఆ గీతలను బట్టి మూలకాన్ని గుర్తించవచ్చనీ చూపించారు. కాంతిని పట్టకం గుండా పంపి గీతలుగా విడగొట్టే వర్ణపటదర్శిని అలా ఖగోళశాస్త్రంలోకి వచ్చింది.

దాన్ని సూర్యుడి అంచున ఎగసే జ్వాలల మీద ప్రయోగించడానికి సంపూర్ణ గ్రహణం కావాలని అప్పట్లో అనుకునేవారు. 1868 ఆగస్టు 18న అలాంటి గ్రహణం వచ్చింది. దాని నీడ తెలుగు నేల మీదుగా సాగింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులో పరికరాలు అమర్చుకున్నాడు. మద్రాసు వేధశాల అధిపతి నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం వెళ్లాడు. అదే వేధశాలలో పనిచేసిన చింతామణి రఘునాథాచారి వనపర్తికి వెళ్లిన బృందానికి నాయకత్వం వహించాడు. కొన్ని నిమిషాల చీకటిలో జాన్సెన్ చూసిన ప్రకాశవంతమైన గీతలు, ఆ జ్వాలలు మండే వాయువులేననీ, అందులో ప్రధానంగా హైడ్రోజన్ ఉందనీ తేల్చాయి. గీతలు ఎంత ప్రకాశవంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చని ఆయనకు అప్పుడే తోచింది. మరుసటి రోజు గుంటూరులోనే మామూలు ఎండలో వాటిని మళ్లీ చూశాడు.

ఆ గీతల్లో పసుపు రంగుది ఒకటి ఉంది. అందరూ దాన్ని సోడియం గీత అనుకోవడం సహజం, ఎందుకంటే సోడియం గీతలు 589.0, 589.6 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటాయి. అక్టోబరులో ఇంగ్లండ్‌లో నార్మన్ లాకియర్ జాగ్రత్తగా చూసినప్పుడు అది ఆ చోట లేదు, సుమారు 587.6 దగ్గర ఉంది. రెండు నానోమీటర్ల కన్నా తక్కువ తేడా! భూమి మీద తెలిసిన ఏ మూలకానికీ ఆ గీత లేకపోవడంతో, సూర్యుడి పేరు మీదుగా దానికి హీలియం అని పేరు పెట్టారు. చాలామంది రసాయన శాస్త్రవేత్తలు నమ్మలేదు. 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి అదే వాయువును వెలికితీసి చూపించేదాకా ఆ అనుమానం పోలేదు. ఒక మూలకాన్ని భూమి మీద కన్నా ముందు సూర్యుడిలో కనుగొనడం చరిత్రలో అదే మొదటిసారి.

రఘునాథాచారి గురించి మరో మాట. 1867లో ఆయన ఆర్ రెటిక్యులై అనే చరకాంతి నక్షత్రాన్ని (వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే నక్షత్రాన్ని) గుర్తించాడు. 1874లో శుక్రుడు సూర్యబింబానికి అడ్డంగా వెళ్లబోతున్నప్పుడు, ఆ సంగతి సామాన్యులకు అర్థం కావడానికి ఒక చిన్న పుస్తకం రాశాడు. ఆయన పేరు మన పిల్లలకు తెలియకపోవడం బాధ కలిగించే విషయం.

గీతలు కనిపించినంత మాత్రాన ఏ మూలకం ఎంత ఉందో తెలియదు. ఉష్ణోగ్రతను బట్టి గీతల బలం ఎలా మారుతుందో 1920లో మేఘనాద్ సాహా సమీకరణం చెప్పింది. దాన్ని ఉపయోగించి 1925లో సిసిలియా పేన్ నక్షత్రాల్లో అత్యధికంగా ఉన్నది హైడ్రోజనేనని తేల్చింది. నక్షత్రాల్లో కూడా భూమిలో ఉన్నట్టే ఇనుము, సిలికాన్ వంటివి ఎక్కువగా ఉంటాయన్న నమ్మకం ఆ తర్వాత కొన్నేళ్లకు పోయింది.

ఈ గీతలను ఇంట్లో చూడవచ్చా?

తప్పకుండా చూడవచ్చు. పాత సీడీ ఒకటి తీసుకోండి. రాత్రి గదిలో ఒకే దీపం ఉంచి, సీడీ మెరిసే వైపున ఆ వెలుగు పడేలా వంచి పట్టుకుని చూడండి. ఎల్ఈడీ బల్బు అయితే ఒక రంగు మరో రంగులోకి జారుతూ అఖండమైన పట్టీ కనిపిస్తుంది. పాత సీఎఫ్ఎల్ బల్బు అయితే, అదే సీడీ మీద ఆకుపచ్చ, ఎరుపు, నీలం ముక్కలు విడివిడిగా, మధ్యలో చీకటి ఖాళీలతో కనిపిస్తాయి. అందులో కొన్ని గీతలు పాదరసపు ఆవిరివి. ఒక అట్టపెట్టెకు బ్లేడుతో సన్నని చీలిక చేసి, వెలుగు ఆ చీలిక గుండానే లోపలి సీడీ మీద పడేలా అమరిస్తే గీతలు ఇంకా పదునుగా కనిపిస్తాయి. సూర్యుడిని మాత్రం ఈ పద్ధతిలో ఎట్టి పరిస్థితుల్లోనూ చూడకూడదు. సీడీ మీద ప్రతిఫలించిన ఎండ కూడా కంటికి హాని చేస్తుంది.

కాలం అందరికీ ఒకేలా గడవదంటారు. దానికి రోజువారీ రుజువు ఏమైనా ఉందా?

మీ ఫోన్‌లోనే ఉంది. టి.నగర్ నుంచి కోయంబేడుకు దారి చూపే జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. వేగంగా కదులుతున్నందువల్ల వాటి గడియారాలు మన గడియారాలతో పోలిస్తే రోజుకు సుమారు 7 మైక్రోసెకన్లు వెనకబడాలి. ఆ ఎత్తులో గురుత్వాకర్షణ తక్కువగా ఉన్నందువల్ల సుమారు 45 మైక్రోసెకన్లు ముందుండాలి. మొత్తం మీద రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. మొదటిది ఐన్‌స్టైన్ 1905లో చెప్పినది, రెండోది 1915లో చెప్పినది. ఈ సవరణ చేయకపోతే దూరాల లెక్కలో రోజుకు పది కిలోమీటర్లకు మించిన పొరపాటు పోగవుతుంది.

క్వాంటం సిద్ధాంతం పరమాణువుల గురించినది కదా, విశ్వంతో దానికేం పని?

అది లేకపోతే సూర్యుడు ఎందుకు వెలుగుతున్నాడో కూడా చెప్పలేం. పందొమ్మిదో శతాబ్దంలో కెల్విన్, సూర్యుడు కుంచించుకుపోతూ వేడిని వెలువరిస్తున్నాడని అనుకుని లెక్క వేస్తే, ఆయుర్దాయం కొన్ని కోట్ల సంవత్సరాలకు మించలేదు. భూమి వయస్సే సుమారు 454 కోట్ల సంవత్సరాలని ఈనాడు మనకు తెలుసు. సూర్యుడి మధ్యభాగంలో ఉష్ణోగ్రత సుమారు కోటీ యాభై లక్షల డిగ్రీలు. పాత భౌతికశాస్త్రం ప్రకారం, ఒకదాన్నొకటి వికర్షించుకునే రెండు ప్రోటాన్లు కలిసిపోవడానికి ఆ వేడి సరిపోదు. దాటడానికి తగిన శక్తి లేకపోయినా ఆ అడ్డంకిని దాటే సంభావ్యత కొంత ఉంటుందని క్వాంటం సిద్ధాంతం చెబుతుంది. ఆ స్వల్ప సంభావ్యత వల్లనే కేంద్రక సంలీనం నెమ్మదిగా, నిలకడగా సాగుతూ, సూర్యుడు ఇన్ని కోట్ల ఏళ్లు వెలుగుతున్నాడు.

ఈ విప్లవాల్లో మద్రాసు పాత్ర ఏమైనా ఉందా?

ఉంది, అదీ చాలా ముఖ్యమైన పాత్ర. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ మెరీనా ఎదురుగా ఉన్న ప్రెసిడెన్సీ కళాశాల విద్యార్థి. 1928లో జర్మన్ భౌతికశాస్త్రవేత్త సోమర్‌ఫెల్డ్ మద్రాసుకు వచ్చినప్పుడు ఈ కుర్రవాడు వెళ్లి కలిశాడు. తాను ఆయన పుస్తకం చదివానని గర్వంగా చెబితే, ఆ పుస్తకం వచ్చాక పరమాణు భౌతికశాస్త్రం పూర్తిగా మారిపోయిందని సోమర్‌ఫెల్డ్ చెప్పి, ఇంకా అచ్చు కాని తన వ్యాసం ప్రూఫులు చేతిలో పెట్టారు. లోహాల్లోని ఎలక్ట్రాన్లకు కొత్త క్వాంటం గణాంకాలను అన్వయించిన వ్యాసం అది. చంద్రశేఖర్ దాన్ని చదివి ఊరుకోలేదు. తానే పరిశోధన మొదలుపెట్టాడు.

ఇంధనం అయిపోయిన నక్షత్రం కుంచించుకుపోయి శ్వేత కుబ్జ తారగా మిగులుతుంది. సూర్యుడంత ద్రవ్యరాశి భూమి అంత పరిమాణంలోకి ఒదుగుతుంది. ఇంకా కూలిపోకుండా దాన్ని నిలబెట్టేది ఎలక్ట్రాన్ల పీడనం, ఎందుకంటే రెండు ఎలక్ట్రాన్లు ఒకే స్థితిలో ఉండలేవు. ఇంతవరకు 1926లోనే ఫౌలర్ చెప్పాడు. 1930లో ఇంగ్లండ్ వెళ్లే ఓడలో, పందొమ్మిదేళ్ల వయసులో, చంద్రశేఖర్ అందులో ఒక లోపాన్ని గమనించాడు: అంత సాంద్రతలో ఎలక్ట్రాన్ల వేగం కాంతి వేగానికి దగ్గరవుతుంది కాబట్టి ఐన్‌స్టైన్ 1905 నాటి సాపేక్షతా సిద్ధాంతాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. అలా తీసుకుంటే, ద్రవ్యరాశి పెరిగే కొద్దీ పీడనం వెనకబడిపోతుంది. సూర్యుడి ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు దాటితే నక్షత్రం శ్వేత కుబ్జంగా నిలబడలేదు. మరి ఏమవుతుంది? కూలిపోతూనే ఉండాలి.

1935 జనవరిలో లండన్‌లోని రాయల్ ఆస్ట్రొనామికల్ సొసైటీ సమావేశంలో, ఆనాటి అత్యంత ప్రసిద్ధ ఖగోళశాస్త్రవేత్త ఎడింగ్టన్ ఈ ఫలితాన్ని బహిరంగంగా కొట్టిపారేశారు. 1919 గ్రహణంలో నక్షత్రకాంతి వంపును కొలిచి ఐన్‌స్టైన్ సిద్ధాంతాన్ని ప్రపంచానికి చాటిన వ్యక్తి కూడా ఆయనే. ఒక విప్లవానికి తోడ్పడినవారు తర్వాతిదాన్ని గుర్తిస్తారన్న హామీ లేదు. చంద్రశేఖర్‌కు నోబెల్ బహుమతి 1983లో వచ్చింది. 2015 సెప్టెంబరు 14న, రెండు కృష్ణ బిలాలు (కాంతిని కూడా బయటికి పోనివ్వనంతగా కూలిపోయిన వస్తువులు) కలిసిపోయినప్పుడు పుట్టిన గురుత్వాకర్షణ తరంగాలు మొదటిసారి నమోదయ్యాయి. సూర్యుడి కన్నా సుమారు 36, 29 రెట్ల ద్రవ్యరాశి గల ఆ బిలాలు, ఆ ఓడలో వేసిన లెక్క అడిగిన ప్రశ్నకు ప్రకృతి ఇచ్చిన సమాధానాల్లో ఒకటి.

విశ్వం వ్యాకోచిస్తోందంటారు. దేనిలోకి వ్యాకోచిస్తోంది?

బయట ఖాళీ స్థలం ఏదో ఉండి, అందులోకి విశ్వం పాకుతోందని సిద్ధాంతం చెప్పడం లేదు. గెలాక్సీల మధ్య దూరాలే కాలంతో పాటు పెరుగుతున్నాయని మాత్రమే చెబుతోంది. దీన్ని ఊహించుకోవడం కష్టం, కానీ కొలవడం సాధ్యమే. 1912లో హెన్రియెట్టా లెవిట్, కొన్ని చరకాంతి నక్షత్రాలు ఎన్ని రోజులకు ఒకసారి మిణుకుతాయో చూస్తే వాటి అసలు ప్రకాశం తెలుస్తుందని కనుగొంది. ఆ కొలబద్దతో 1923–24లో హబుల్ ఆండ్రోమెడా దూరాన్ని కొలిచి, అది మన గెలాక్సీకి చాలా ఆవల ఉందని తేల్చాడు. ఈనాటి లెక్క ప్రకారం ఆ దూరం సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు. 1927లో లెమైత్ర్, 1929లో హబుల్, గెలాక్సీ ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా దూరమవుతోందని చూపించారు. 1965లో పెంజియాస్, విల్సన్‌లు ఏ దిక్కుకు తిప్పినా తమ యాంటెన్నాలో తగ్గకుండా వినిపించిన రొదను వదిలేయకుండా వెంటాడడం వల్ల, తొలి విశ్వం నుంచి మిగిలిన 2.7 కెల్విన్ల వికిరణం బయటపడింది. విశ్వం వయస్సు సుమారు 1,380 కోట్ల సంవత్సరాలని ఇప్పుడు చెప్పగలుగుతున్నాం.

మరో విప్లవం రాబోతోందా?

అవసరమైన తేడాలు మాత్రం కళ్లెదుటే ఉన్నాయి. గెలాక్సీల అంచున నక్షత్రాలు, కనిపించే పదార్థంతో లెక్కగట్టిన దానికన్నా వేగంగా తిరుగుతున్నాయని 1970లలో వేరా రూబిన్ కొలతలు గట్టిగా చూపించాయి. విశ్వ వ్యాకోచం మందగించడానికి బదులు వేగం పుంజుకుంటోందని 1998లో తెలిసింది. ఈనాటి లెక్కలో మనకు తెలిసిన మామూలు పదార్థం విశ్వంలో సుమారు 5 శాతమే. 27 శాతం కృష్ణ పదార్థం, అంటే కనిపించకుండా తన ఆకర్షణ ద్వారా మాత్రమే తెలిసే పదార్థం. 68 శాతం కృష్ణ శక్తి, అంటే వ్యాకోచానికి వేగం పెంచుతోందని భావిస్తున్నది. ఇవి నెప్ట్యూన్ లాగా నిజంగా ఉండి ఇంకా దొరకని వస్తువులా, లేక వల్కన్ లాగా కొత్త సిద్ధాంతం వచ్చాక అవసరం లేకుండా పోయే ఊహలా? కృష్ణ పదార్థానికి అనేక రకాల ఆధారాలు ఒకదానితో ఒకటి పొసగుతున్నాయి కాబట్టి అది నిజమైన వస్తువేనని ఎక్కువమంది శాస్త్రవేత్తల అభిప్రాయం, నాదీ అదే. కృష్ణ శక్తి గురించి అంత ధీమాగా చెప్పలేం.

ఇంకో తేడా కూడా ఉంది. ప్రతి 32.6 లక్షల కాంతి సంవత్సరాల దూరానికి వ్యాకోచ వేగం సెకనుకు ఎన్ని కిలోమీటర్లు పెరుగుతుందో తొలి వికిరణాన్ని బట్టి లెక్కిస్తే సుమారు 67 వస్తోంది. దగ్గరి గెలాక్సీలను బట్టి కొలిస్తే సుమారు 73 వస్తోంది. కొలతల్లో పొరపాటు ఉందా, సిద్ధాంతంలో లోటు ఉందా అన్నది ఇంకా తేలలేదు.

చెన్నై నుంచి ఇవన్నీ దగ్గరగా చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

కోట్టూర్‌పురంలోని బిర్లా ప్లానెటేరియంతో మొదలుపెట్టండి. నుంగంబాక్కంలో ప్రాంతీయ వాతావరణ కేంద్రం ఆవరణలో, 1792 నాటి మద్రాసు వేధశాలలో దూరదర్శినిని మోసిన రాతి స్తంభం ఇప్పటికీ ఉంది. దాని మీద లాటిన్‌తో పాటు తమిళం, తెలుగు శాసనాలు చెక్కి ఉన్నాయి. అది ప్రభుత్వ కార్యాలయం కాబట్టి ముందుగా అనుమతి అడగాలి. రాత్రి ఆకాశం కోసమైతే, వాణియంబాడి దగ్గర జవ్వాది కొండల్లోని కావలూరుకు వెళ్లండి. హైదరాబాద్‌లో పెరిగిన వేణు బాపు స్థాపించిన ఆ వేధశాలలో 2.34 మీటర్ల దూరదర్శిని ఉంది. 1977లో యురేనస్ చుట్టూ ఉన్న వలయాలు బయటపడినప్పుడు అక్కడి నుంచి కూడా పరిశీలనలు జరిగాయి. సందర్శకులను ఏయే రోజుల్లో అనుమతిస్తారో ఫోన్ చేసి కనుక్కుని, ఈశాన్య రుతుపవనాలు వెళ్లిపోయాక, జనవరి తర్వాత, అమావాస్యకు దగ్గరి రోజుల్లో ప్రయాణం పెట్టుకోండి.